అన్నయ్య మెదడు ఒప్పుకోని పొర

మెదడులో రక్తనాళం చిట్లి మా అన్నయ్య ప్రసన్నకుమార్‌కి ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. సత్తెనపల్లి సెంటర్లో నిలబడి కేకేస్తే మా ఊళ్ళో వినపడుతుందని అందరూ ఏడిపించిన మనిషికి చివరికి కళ్ళే మిగిలాయి. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు.

పరిశోధన చేస్తున్న ఒక ఆస్పత్రివాళ్ళు అతని మెదడు మీద గ్రాఫీన్ పొర పరిచారు. పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థమే. కానీ దాని ముందు ఉల్లిపొర కూడా గోనెపట్టాయే. అన్నయ్య మనసులో ఒక మాట అనుకుంటే ఆ పొర అందుకుని, మంచం పక్కనున్న స్క్రీను మీద అక్షరాలుగా చూపిస్తుంది. అది మెదడుకి పడుతుందా లేదా అన్నదే వాళ్ళ పరీక్ష. మాకు పరీక్షతో ఏం పని, మాట వస్తే చాలనుకున్నాం.

వచ్చింది. ఏడాది మూగతనం తర్వాత అన్నయ్య అన్న మొదటి మాట, "దుర్గా, ఫ్యాను తగ్గించు." మా వదిన లక్ష్మీదుర్గ నవ్వలేక ఏడవలేక, "ఇన్నాళ్ళకి మాటొస్తే ఫ్యాను గురించా అండీ" అంది.

మొదట్లో వదిన ప్రతి మాటకీ "ఇదేనా మీరన్నది?" అని అడిగేది. అన్నయ్య ఒకసారి కళ్ళు మూసేవాడు. ఎప్పుడడిగినా అవుననే అనేసరికి అడగడం మానేసింది. మొగుడి మాట మీద అనుమానమేంటని నేనూ వంత పాడాను.

మిరపకోతలు మొదలయ్యాక స్క్రీను మీద ఒకే మాట ఎక్కువైంది. "తిన్నావా?" అన్నయ్యకి ముందునుంచీ అలవాటైన మాటే. వదిన మురిసిపోయి, ఏ కూరతో తిన్నదో కూడా చెప్పేది. అప్పుడు అన్నయ్య రెప్పలు కొట్టుకునేవి, నీళ్ళు కారేవి. కాయలు ఆరబోసిన కళ్ళం మా వాకిటి ముందే. ఆ ఘాటుకి ఇంట్లో అందరి కళ్ళదీ అదే గతి. వదిన తడిగుడ్డతో తుడిచి కిటికీ మూసేది.

మొన్న అన్నయ్యని స్క్రీనుతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ అఫ్రోజ్ గారు స్కాన్ చూసి, అన్నయ్య మంచం దగ్గరే వదిన పక్కన కూర్చున్నారు.

"పొర విషం కాదమ్మా, మెదడుకి హాని చెయ్యలేదు. కానీ మెదడు దాన్ని బయటిదిగానే చూసింది. గాయం మానిన మచ్చలాగా దాని చుట్టూ కట్టేసుకుంది. ఆయన అనుకునే మాట ఇప్పుడు పొరకి అందట్లేదు."

"అదేంటండీ, పొద్దున కూడా తిన్నావా అన్నారు."

ఆవిడ స్కాన్ పక్కన పెట్టారు. "అందనప్పుడు మిషను ఊహించి రాస్తుందమ్మా. ఆయన ఇంతకుముందు ఎక్కువగా అన్న మాట రాస్తుంది. కోతలప్పటినుంచీ అంతే. అది మేం ముందే కనిపెట్టాల్సింది." తర్వాత అన్నారు, "కొత్త పొర పెట్టచ్చు, ఈసారి పైపూత మార్చాం. కానీ మళ్ళీ తల తెరవాలి. అదీ నిలుస్తుందని చెప్పలేను."

"పెట్టండి" అంది వదిన, ఆవిడ మాట పూర్తికాకుండానే.

అంతలో స్క్రీను మీద మళ్ళీ పడింది. "తిన్నావా?" అన్నయ్య రెండుసార్లు కళ్ళు మూశాడు. ఆగి, మళ్ళీ రెండుసార్లు. ఆ ఏసీ గదిలో మిరపకాయ లేదు, ఘాటు లేదు.

"వదినా, కాదంటున్నాడు. ఇన్నాళ్ళూ కాదనే అంటున్నాడు."

ఎవరో తన నోట్లో మాట పెడుతుంటే, కాదు కాదు అని మొత్తుకుంటున్న మనిషికి మేం తడిగుడ్డతో కళ్ళు తుడిచాం. నాకు మా ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయింది.

వదిన మంచం పక్కన కూలబడింది. "మరి ఏమన్నారండీ? నొప్పా?" కాదు. "దాహమా?" కాదు. "ఇదంతా తీసెయ్యమనా?"

అన్నయ్య ఒక్కసారి కళ్ళు మూశాడు. మేం మళ్ళీ తప్పుగా అనుకోకుండా, నెమ్మదిగా మూసి తెరిచాడు.

"కొత్తది పెట్టిస్తానండీ. మళ్ళీ మాట్లాడదురుగాని."

కాదు.

"నా కోసం."

కాదు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి.

వదిన లేచి స్క్రీను ఆపేసింది. "సరే, తీయించేస్తాను" అని దుప్పటి సర్దబోయి, అతని గుండెల మీద తల ఆనించి ఏడ్చేసింది. "మరి నేనెవరితో మాట్లాడనండీ?"

దానికి అవునని చెప్పడానికి లేదు, కాదని చెప్పడానికీ లేదు. అన్నయ్య కళ్ళు మూయకుండా వదిననే చూస్తూ ఉండిపోయాడు.