మా సొంత నోడ్

ఆ మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేయడం అది మూడోసారి.

"చిట్టీ, మీ గేటు తెరిచారా లేదా? లారీవాడు నా తలకాయ తింటున్నాడు."

"నాలుగింటికని చెప్పాగా. ఇంకా రెండున్నరే."

"నువ్వు అన్నీ సరిగ్గా చూస్తున్నావుగా?"

"చూస్తున్నా, పెట్టెయ్," అన్నాను విసుగ్గా.

నేను పనిచేసేది క్రిప్టో కాయిన్లు కొనిపెట్టి, అమ్మిపెట్టి, దాచిపెట్టే కంపెనీలో. అన్నయ్య మూలపడిన లేత్ మెషీన్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. దూరాల నుంచి వచ్చే బేరగాళ్ళు ఈమధ్య ఒక నెట్‌వర్క్ మీద కాయిన్లు పంపుతున్నారు. మా కంపెనీ యాప్‌లో 'అందింది' అని కనపడగానే అన్నయ్య లారీని కదలనిస్తాడు. ఇవాళ పెద్ద మెషీన్ లారీ ఎక్కి కూర్చుంది. బేరగాడు కాయిన్లు పంపేశానంటున్నాడు. యాప్ మాత్రం ఉలకదు, పలకదు. ఎందుకంటే ఆ నెట్‌వర్క్‌కి మా గేటు మేమే మూశాం, అంటే దాని మీద వచ్చే కాయిన్లను లెక్కలోకి తీసుకోవడం ఆపేశాం.

నిన్న పొద్దున ఆ నెట్‌వర్క్ రాత పద్ధతి మారింది. నెట్‌వర్క్ అంటే మరేం కాదు, వేల కంప్యూటర్లు కలిసి రాసుకునే ఒకే పుస్తకం. పద్ధతి మారిన రోజున కొందరు కొత్త దారిలో, కొందరు పాత దారిలో రాస్తూపోతే పుస్తకం రెండుగా చీలే ప్రమాదం ఉంది. చివరికి ఒకటే నిలుస్తుంది. రెండోది, అందులో రాసిన కాయిన్లతో సహా, లేనట్టే లెక్క. మేం పొరపాటున ఆ రెండోదాన్ని చూసి 'అందింది' అన్నామంటే అన్నయ్య మెషీన్ గాలికి పోయినట్టే. అందుకే గేటు తెరిచే ముందు ఎవరో ఒకరు సరిచూసి సంతకం పెట్టాలి. ఆ ఎవరో ఒకరు నేనే.

సరిచూడడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. మా దగ్గర ఒక మెషీన్ ఉంటుంది. దాన్ని నోడ్ అంటాం. అది ఎవరి మాటా వినకుండా పుస్తకంలో ప్రతి పేజీనీ తనే లెక్కకట్టి చూసుకుంటుంది. బయట ఇంకో రెండు కంపెనీలు డబ్బు తీసుకుని పుస్తకం చదివి చెబుతాయి. మా నోడ్, ఆ ఇద్దరూ ఒకే మాట చెబితే నా స్క్రీన్ మీద మూడు పచ్చ దీపాలు వెలుగుతాయి. ప్రతి సోమవారం ఆ దీపాలు చూసి, 'మా సొంత నోడ్‌తో సరిచూడడమైనది' అన్న వాక్యం కింద సంతకం పెడతాను. అరనిమిషం పని.

నిన్ననే పద్ధతి మారింది కాబట్టి ఇవాళ దీపాలు చాలవు. ముగ్గురూ చెప్పే పేజీ నంబర్లను ఐదేసి నిమిషాలకోసారి నా చేత్తో రాయాలి. రాస్తున్నాను. నాలుగోసారి రాస్తూ ఆగిపోయాను. మూడు నంబర్లూ అచ్చంగా ఒకటే. మా నోడ్ ఒట్టి బద్ధకస్తురాలు, పాత డిస్కు, ఎప్పుడూ ఒకటి రెండు పేజీలు వెనకే ఉంటుంది. ఇవాళ ఇంత చురుకెక్కడిది దీనికి?

కుర్చీలోంచి లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచి, లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేక మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాను.

మెషీన్ల గది చూసుకునే ఆయన ఎండాకాలంలో కూడా స్వెటర్ విప్పడు. అందరం స్వెటర్ బాబాయ్ అంటాం.

"బాబాయ్, మన నోడ్ ఏది?"

"ఏ నోడ్ అమ్మా?"

"మూడో వరసలో, కింద. నల్లది. గుర్రుమని శబ్దం చేసేది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "అది తీసేసి ఎనిమిది నెలలవుతోంది కదమ్మా. కరెంటు ఖర్చు దండగన్నారు. స్క్రీన్ మీద దాని పేరు బయటి మొదటి కంపెనీ లైనుకి తగిలించారు. మీకు చెప్పలేదా?"

మూడో వరస కింద ఖాళీగా ఉంది. ఎవరో టీ కప్పుల అట్టపెట్టె పెట్టుకున్నారు.

ఎనిమిది నెలలు. అంటే ముప్ఫైనాలుగు సోమవారాలు. లేని మెషీన్‌తో సరిచూశానని ముప్ఫైనాలుగు సంతకాలు పెట్టాను. నామీద నాకే అసహ్యం వేసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నంబర్లు చూసి ఉంటే దొరికిపోయేది.

పైకొచ్చి మిగతా ఇద్దరి సంగతి తవ్వాను. రెండో కంపెనీ సొంతంగా ఏమీ చదవదట, మొదటి కంపెనీ దగ్గరే తెచ్చుకుని మాకు చెబుతుందట. వాళ్ళ కాగితాల్లోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ముగ్గురు సాక్షులనుకున్నవాళ్ళు ఒక్కడే!

పక్క కంపెనీలో ఇదే పని చేసే అమ్మాయికి ఫోన్ కొట్టాను. మునుపు నా పక్క కుర్చీలోనే కూర్చునేది.

"మీరు ఆ నెట్‌వర్క్ తెరుస్తున్నారా? దేంతో సరిచూశారు?"

"అయ్యో అక్కా, నేనే మీకు చేద్దామనుకుంటున్నా. మీరు నాలుగింటికి తెరుస్తున్నారటగా? మా వాళ్ళు మీరు తెరిచాక తెరుద్దామని కూర్చున్నారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడుంబావుకి పెద్దాయన గదిలోకి వెళ్ళాను. మా పై అధికారి. పెద్దాయన అంటాం గానీ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అంతా చెప్పాను. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"అంటే ఆ కంపెనీ చెప్పేది తప్పంటారా మేడం?"

"తప్పని అనట్లేదు సర్. ఒప్పో తప్పో మనకి తెలీదంటున్నా. తెలుసని మాత్రం సంతకం అడుగుతున్నారు."

"అందరూ ఇలాగే చేస్తున్నారు మేడం. ఇన్నాళ్ళలో ఏమైనా జరిగిందా?"

"అదృష్టం బాగుండి జరగలేదు. కొత్త నోడ్ పెడితే మొదటి పేజీ నుంచి చదువుకుని రావడానికి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా మూసే ఉంచుదాం."

"రెండు రోజులా! కస్టమర్లు చంపేస్తారు. ముప్ఫైనాలుగు సార్లు పెట్టారు, ముప్ఫైయ్యయిదోది పెట్టడానికేం?"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు మరి.

"అంత ధైర్యముంటే మీరు పెట్టండి సర్," అన్నాను ఫారం తిప్పి ముందుకు తోస్తూ.

ఆయన నీళ్ళు నమిలాడు. "రూల్ ప్రకారం పెట్టాల్సింది మీరు కదా మేడం..."

ఫారం లాక్కుని, సంతకం చోట 'సరిచూడలేదు' అని రాశాను. కింద ఇంకో వాక్యం: 'గత ముప్ఫైనాలుగు వారాలు కూడా సరిచూడలేదు.' ఆయన చదివి గొంతు తగ్గించాడు.

"మొదటిది ఉంచండి. ఆ రెండోది మాత్రం కొట్టేయండి. ఉద్యోగం పోతుంది, నా మాట వినండి."

కొట్టేయలేదు. గొప్పకి కాదు. ఇంకోసారి చదివితే కొట్టేస్తానేమోనని పెన్ను అక్కడే పడేసి బయటికొచ్చేశాను.

వరండాలో కాలుకాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు తిరిగాక అన్నయ్యకి చేశాను. వెనక హారన్ మోగుతూనే ఉంది.

"అన్నయ్యా, మెషీన్ దించెయ్."

"ఏంటీ?"

"గేటు తెరవట్లేదు. రెండు రోజులు పడుతుంది."

"రెండు రోజులు ఈ బేరగాడు ఆగుతాడా? ఇంకో షెడ్డులో ఇలాంటిదే చూసుకున్నానని బెదిరిస్తున్నాడు. డబ్బు పంపినట్టు ఫోన్‌లో చూపిస్తున్నాడు కూడాను. పోనీ పంపించెయ్యనా? నువ్వు చూశావుగా, బానే ఉందని చెప్పు చాలు."

"చూడలేదన్నయ్యా. చూసే మెషీనే లేదు. ఎనిమిది నెలలుగా లేదు. నాకు ఇవాళే తెలిసింది."

హారన్ ఆగింది. అన్నయ్య "సరే," అని పెట్టేశాడు.

ఐదున్నరకి అన్నయ్య షెడ్డుకి బయల్దేరాను. బస్సులో ఉండగా పక్క కంపెనీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. మమ్మల్ని చూసి లాభం లేదని వాళ్ళు ఇంకెవర్నో చూసి తెరిచేశారట. నెట్‌వర్క్ రాత పద్ధతి తయారుచేసేవాళ్ళు కూడా సాయంత్రం ప్రకటన ఇచ్చారట. పుస్తకం ఎక్కడా చీలలేదు. మొదటి కంపెనీ చెప్పిందంతా సరైనదే. కిటికీ రాడ్ పట్టుకుని ఆ మెసేజ్ ఐదుసార్లు చదివాను. ఆ కాయిన్లు నిజమైనవే. చేతికొచ్చిన బేరాన్ని నేనే చెడగొట్టాను.

షెడ్డు ముందు మెషీన్ నేల మీద ఏటవాలుగా ఉంది. లారీ లేదు. అన్నయ్య బరువులెత్తే చైన్ పుల్లీ పక్కన స్టూలు మీద కూర్చుని చేతికంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు. వదిన షెడ్డు తలుపులో నిలబడి, "దించడానికి ఆ బేరగాడు మనిషి సాయం కూడా చెయ్యలేదు. మీ అన్నయ్య నడుం పట్టేసింది," అని లోపలికి వెళ్ళింది.

దాచే ఓపిక లేదు నాకు. "అన్నయ్యా, అంతా సరిగ్గానే ఉందట. ఇందాకే తెలిసింది. డబ్బు నిజంగానే వచ్చింది. బేరగాడు ఒప్పుకుంటే రేపో ఎల్లుండో..."

"ఒప్పుకోడు. డబ్బు వెనక్కి పంపమని, ఆ రెండో షెడ్డుకి పోయాడు." గుడ్డ మడత మార్చాడు. "నాకు ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసా, సరిగ్గా ఉందని?"

"తెలీదు."

"మరైతే దించమనడమే సబబు. దానికి నిన్నేమీ అనను."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత తేలిగ్గా వదిలేస్తాడనుకోలేదు. పక్కన కూర్చోబోయాను.

"ఈ ఎనిమిది నెలల్లో నాలుగు మెషీన్లు పంపాను చిట్టీ," అన్నాడు నావైపు చూడకుండా. "లారీ కదిలే ముందు నాలుగుసార్లూ నీకు ఫోన్ చేశాను. చూశావా అని అడిగాను. నువ్వేమన్నావు?"

"చూశానన్నాను," అన్నాను.

అన్నయ్య తలూపాడు. "ఆ నాలుగు రాత్రులూ నేను హాయిగా నిద్రపోయాను," అన్నాడు.