తావుర్యా నేర్పిన రొట్టె

జితేందర్ భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. సొంతూరు చిల్పూర్ దగ్గర చిన్న పల్లె. భార్య నీరజ జనగామలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఐదేళ్ల కూతురు శృతి, తల్లి కట్టమ్మ కూడా అక్కడే ఉంటారు. వారానికొక సెలవు రోజు జితేందర్ జనగామ పోయి వస్తాడు. మిగతా ఆరు రోజులూ గని దగ్గర అద్దె గదిలో ఒంటరి బతుకు. పొద్దున హోటల్లో పూరీ, మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం, ఆమ్లెట్, సాయంత్రం డ్యూటీ దిగాక చికెన్ ఫ్రై. ఆరేళ్లు అట్లాగే గడిచాయి. ముప్పై నాలుగేళ్లకే పొట్ట స్టీరింగుకు తగలడం మొదలైంది.

ఆ జులైలో గని కార్మికులకు ఆరోగ్య పరీక్షలు చేసిన డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు తిరగేసి చూసింది.

"బీపీ ఉన్నది. కొవ్వు బాగా పెరిగింది. షుగర్ ఇంకా రాలేదు కానీ వాకిట్లకు వచ్చింది. వంద టన్నుల బండి మీద కండ్లు తిరిగితే పోయేది నువ్వొక్కనివే కాదు."

మందులు రాసింది. మూడు నెలలు మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి, నూనెలో వేయించినవి ముట్టొద్దన్నది. "మందులొక్కటే పని చెయ్యవు. అక్టోబర్లో మళ్లీ చూస్త. తగ్గకపోతే డంపర్ నుంచి దింపుడే."

జితేందర్‌కు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. డంపర్ అంటే అతనికి ప్రాణం. అయితే ఇవన్నీ మానేస్తే ఇక తినేదేమిటో అతనికి తోచలేదు. మూడు రోజులు బ్రెడ్డు, అరటిపళ్లు తిన్నాడు. నాలుగో రోజు ఉత్త అన్నంలో పచ్చడి కలుపుకుని రెండు ముద్దలు మింగి, పళ్లెం పక్కకు నెట్టి గడప మీద కూర్చున్నాడు.

పక్క గదిలో ఉండే తావుర్యా అది చూశాడు. తావుర్యా అదే గనిలో పంపు ఆపరేటరు. అరవై దాటాయి, రిటైర్మెంటుకు అయిదు నెలలుంది. మరిపెడ అవతల ఒక తండా ఆయనది. భార్య సోని, కొడుకు కుటుంబం అక్కడే ఉంటారు. ఈ గదిలో పదకొండేళ్లుగా ఉంటున్న ఆయన హోటల్లో కూర్చుని తినగా ఎవరూ చూడలేదు. పండుగకు తండాకు పోతే తప్ప మాంసం కూడా తినడు. గనిలో కొందరు ఆకులు తినే మనిషని ఆటపట్టించేవాళ్లు. వాళ్లలో జితేందర్ కూడా ఒకడు.

"ఏంది కొడుకా, పరేషాన్ మీదున్నవ్?" అన్నాడు తావుర్యా.

జితేందర్ సంగతంతా చెప్పాడు. చెప్పి, కొంచెం సిగ్గుపడుతూనే అడిగాడు. "కాకా, నీకు వండుకునేటప్పుడు నాక్కూడా జర వండుతవా? సరుకులు నేనే తెస్త."

"వండ."

జితేందర్ ముఖం చిన్నబోయింది. పాత ఎగతాళి గుర్తు పెట్టుకున్నాడేమో అనుకున్నాడు.

"నేర్పుత," అన్నాడు తావుర్యా. "రేపు పొద్దుగాల ఐదింటికి రా. జొన్నపిండి తెచ్చుకో."

తావుర్యా గదిలో ఒక స్టవ్వు, నాలుగు గిన్నెలు, ఒక పెనం, చెక్క పీట, చిన్న రోలు, గోడ వారగా వరుసగా స్టీలు డబ్బాలు. అంతే. మిక్సీ కూడా లేదు. ఆయన మరిగే నీళ్లలో ఉప్పు వేసి పిండిలో పోయించాడు. వేడి తగ్గాక పిసకమన్నాడు.

"చేతికి అంటుతాందా?"

"అంటుతాంది."

"అయితే ఇంకా పిసుకు."

జితేందర్ పిసికాడు. పీట మీద తట్టాడు. మొదటి రొట్టె ఎత్తబోతే మధ్యకు విరిగింది. రెండోది పెనం మీద విరిగింది. మూడోది నిలిచింది కానీ అటు పలచన, ఇటు మందం. తావుర్యా నవ్వలేదు. మూడో రొట్టె మీద తడిబట్టతో నీళ్లు అద్ది, తిప్పి, కాల్చి, రెండు ముక్కలు చేసి సగం తాను తిన్నాడు. నడుమ పిండి ఉడకని చోటు కూడా వదలకుండా తిన్నాడు. టమాటాలు, పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో నూరిన పచ్చడి అందులోకి. జితేందర్ ఆ రోజు క్యాంటీన్ ముందు నుంచి నడుస్తుంటే ఆకలి గుర్తే రాలేదు.

వారం తిరిగేసరికి రొట్టె విరగడం తగ్గింది. తావుర్యా రోజుకొక పని నేర్పాడు. ఏదీ అరగంట మించదు. "పండుకునే ముందు ఏదన్న నానబెట్టు. పెసళ్లో, బొబ్బర్లో, శనగలో. పొద్దుగాల లేచి ఏం వండాల్నని సోచాయించుడే ఉండది," అనేవాడు. నానిన బొబ్బర్లు కుక్కర్లో ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే గుడాలు తయారు. ఒక రోజు గుడాలు, ఒక రోజు బియ్యపు రవ్వలో పెసరపప్పు వేసి ఉప్పుడు పిండి, ఇంకో రోజు రాగి అంబలిలో నిమ్మకాయ పిండుకుని, పక్కన ఉల్లిగడ్డ.

సాయంత్రం షిఫ్టు దిగి వస్తూ ఇద్దరూ కూరగాయలమ్మే వజ్రమ్మ దగ్గర ఆగేవాళ్లు. తావుర్యా ఆకుకూర కట్ట విప్పకుండానే వాసన చూసి పక్కన పెట్టేవాడు. "గిది నిన్నటిది వజ్రమ్మా" అంటే ఆమె వాదించకుండా కొత్త కట్ట ఇచ్చేది. తోటకూర తెచ్చిన రోజు పెసరపప్పుతో, పుంటికూర, అంటే గోంగూర, తెచ్చిన రోజు కందిపప్పుతో. ఒళ్లు బాగా అలిసిన రోజు పచ్చిపులుసు. చింతపండు పిసికిన నీళ్లలో కాల్చిన మిరపకాయ, ఉల్లిగడ్డ, ఉప్పు, రవ్వంత బెల్లం, పైన తాలింపు. జొన్నరవ్వ ఉడికించిన గట్కలో అది పోసుకుని తింటే జితేందర్‌కు కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, నోట్లో మాత్రం ఇంకా కావాలనిపించేది.

నెలన్నర గడిచాక జితేందర్ జారాడు. తోటి ఆపరేటరు వరుణ్ కొడుకు పుట్టినరోజని దావత్ ఇచ్చాడు. ఒక్క ముక్క అనుకుని కూర్చున్న జితేందర్ రెండు పళ్లేల మటన్ తిన్నాడు. మర్నాడు ఐదింటికి లేవలేదు. తావుర్యా ముఖం చూడాలంటే భయమేసి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తలుపు చప్పుడైంది.

"దావత్ అయిందా?" అన్నాడు తావుర్యా బయటి నుంచే.

"అయింది కాకా."

"మటన్ తిన్నవా?"

అబద్ధం చెప్పబోయి ఆగాడు. "తిన్న."

"మంచిగున్నదా?"

తిట్లకు సిద్ధపడ్డ జితేందర్ మొహం మీంచి దుప్పటి తీశాడు. "మంచిగనే ఉన్నది."

"ఉంటది. మటన్ మంచిగనే ఉంటది, లేదంటే ఎవడు నమ్ముతడు? లే, మొహం కడుక్కో. శనగలు ఉడుకుతానయ్."

అంతకుమించి ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాడినని జితేందర్‌కు తెలుసు. మిగిలిన నెలన్నరలో రెండు దావత్‌లకు పిలుపు వచ్చింది. రెంటికీ పోయాడు, నవ్వుతూ మాట్లాడి, మాంసం ముట్టకుండానే వచ్చాడు.

సెప్టెంబరు వానల్లో తావుర్యాకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో మందులిచ్చి పంపారు కానీ మంచం దిగలేని నీరసం. తండా నుంచి సోని వస్తానంటే, వానల్లో మిరప నాట్లు వదిలి రావొద్దని ఫోన్లో వారించాడు. జితేందర్ రెండో షిఫ్టుకు మార్చుకుని పొద్దున్నే ఆయన గదిలో పొయ్యి వెలిగించాడు. మొదటి మూడు రోజులు పలచటి అంబలి, పెసరకట్టు తాగించాడు. నాలుగో రోజు ఆయనే అన్నాడు, రొట్టె తినబుద్ధవుతోందని.

జితేందర్ పీట ముందు కూర్చుని తడుతున్నాడు. తావుర్యా మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఎడమ దిక్కు మందమున్నది," అన్నాడు.

జితేందర్ చూసుకున్నాడు. నిజమే, ఎడమ అంచు లావుగా ఉంది. "కండ్లు మూసుకోని ఎట్ల చెప్పినవ్ కాకా?"

"చప్పుడు. మందమున్నకాడ చప్పుడు మొద్దుగ వస్తది."

ఆ విద్య ఎట్లా వచ్చిందో తానే చెప్పాడు. ఆయనకు పదేళ్లప్పుడు, ఒక కరువు ఏడు తల్లీ తండ్రీ కూలికి దూరదేశం పోయారు. ఇంట్లో ఆయన, చిన్నవాళ్లు తమ్ముడు మాన్‌సింగ్, చెల్లెలు, కళ్లు కనబడని నాయినమ్మ. నాయినమ్మ పొయ్యి దగ్గర కూర్చోలేదు. గోడకానుకుని కూర్చుని, మనవడు రొట్టె తడుతుంటే చప్పుడు విని తప్పు చెప్పేది.

"మొదటి రొట్టెలు రాళ్ల తీర్గ అయినయ్. మాన్‌సింగ్ ఏడ్చుకుంట తిన్నడు. అవ్వ మాత్రం పండ్లు లేకున్నా నీళ్లల్ల నానబెట్టుకోని తిని, మంచిగున్నయ్ అన్నది. ఆర్నెల్లకు మా అమ్మ వచ్చేటాళ్లకు నా రొట్టె అమ్మ రొట్టె కన్న పలచగ వస్తుండె." కళ్లు తెరిచి నవ్వాడు. "అమ్మకు కోపమే వచ్చింది."

పదేళ్ల పిల్లాడు ముగ్గురికి ఆరు నెలలు రొట్టెలు చేసి పెట్టాడు. ముప్పై నాలుగేళ్ల తాను మూడు రోజులు బ్రెడ్డు తిని గడప మీద కూలబడ్డాడు. జితేందర్ ఆ ముసలాయన వైపు చూశాడు. అంత పెద్ద సంగతిని ఎంత మామూలుగా చెప్పాడు! తను ఎగతాళి చేసిన రోజులు గుర్తొచ్చి తల వంచుకుని, ఎడమ అంచును మళ్లీ తట్టాడు.

"నాకు వండిపెట్టనని ఎందుకన్నవ్ కాకా ఆ రోజు?"

"నేను వండితే నువ్వు తిందువు. నవంబర్ల నేను తండాకు పోత. అటెన్క?"

అక్టోబర్లో డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసింది. బరువు ఏడు కిలోలు తగ్గింది. కొవ్వు దిగింది. మందులతో బీపీ అదుపులో ఉంది. షుగర్ మాత్రం ఇంకా అంచు మీదే ఉంది.

"మీ ఆవిడ వచ్చిందా ఇక్కడికి? ఎవరు వండుతున్నరు?"

"నేనే వండుకుంటున్న మేడం."

ఆమె కళ్లద్దాల పైనుంచి అతన్ని చూసింది. ఏమేం తింటున్నాడో అడిగి తెలుసుకుంది. "డంపర్ నడుపుకో. ఈ తిండి మాత్రం ఇడువకు," అని సంతకం పెట్టింది.

నవంబరు ఆఖరు రోజున తావుర్యాకు గని దగ్గర శాలువా కప్పి దండ వేశారు. సోని, కొడుకు ప్రేమ్‌సింగ్, ఇంకా అయిదుగురు బంధువులు తండా నుంచి జీపులో వచ్చారు. జితేందర్ ఆ రోజు సెలవు పెట్టి, తెల్లవారుజామునే మొదలుపెట్టి ఇరవై ఎనిమిది రొట్టెలు చేశాడు. పుంటికూర పప్పు, బొబ్బర గుడాలు, గిన్నెడు పచ్చిపులుసు. సోని రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఈ బాటి ఎవలు చేసిన్రు?" తమ ఇంటి భాషలో రొట్టెను వాళ్లు బాటి అంటారు.

"నేనే చిన్నమ్మా."

"నా కోడలికి కూడ రాదు గిట్ల." భర్త వైపు చూసింది. "ఈయన తండాకు వచ్చినప్పుడల్ల నన్ను పొయ్యి కాడికి రానియ్యడు. నువ్వు సంవత్సరమంత చేస్తవ్, నాలుగు రోజులు కూసో అంటడు. ఇగ రోజూ కూసుంట."

అందరూ నవ్వారు. తావుర్యా తల దించుకుని పప్పులో రొట్టె ముంచుకుంటూ రెండోది, మూడోది తిన్నాడు. తావుర్యా జీపు ఎక్కేముందు జితేందర్ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. ఆయన భుజం తట్టి లేపాడు. జీపు మలుపు తిరిగేదాకా జితేందర్ రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఆ వారం సెలవు బుధవారం పడింది. జనగామలో సాయంత్రం నీరజ బడి నుంచి పరీక్ష పేపర్ల కట్టతో వచ్చి కుర్చీలో వాలింది. "నువ్వు కూసో," అని జితేందర్ ఆ ఇంట్లో మొదటిసారి వండటానికి వంటింట్లోకి పోయాడు. కట్టమ్మకు నచ్చలేదు.

"ఇద్దరు ఆడోళ్లముండంగ నువ్వు పొయ్యి కాడికేంది బిడ్డా? నలుగురు చూస్తే ఏమంటరు?"

"మంచిగ చేసిండు అంటరు అమ్మా. తిని చెప్పు."

రొట్టెలు, తోటకూర పప్పు ఇరవై అయిదు నిమిషాల్లో అయ్యాయి. శృతి పొంగిన రొట్టెను వేలితో పొడిచి ఆవిరి వస్తే కేకలు పెట్టింది. నీరజ పేపర్లు పక్కన పెట్టి ఒకటి తిన్నది, ఇంకోటి అడిగింది. తింటూ భర్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కట్టమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, చివరికి ఒక ముక్క తీసుకుని చాలాసేపు నమిలింది.

"మా అమ్మ గిట్లనే చేస్తుండె," అన్నది మెల్లగా. "రేషన్ షాపుల కంట్రోలు బియ్యం వచ్చినంక అందరం మరిచినం. నేను పీట ముట్టక ముప్పై ఏండ్లాయె."

చీర కుచ్చిళ్లు సర్దుకుని కొడుకు పక్కన వచ్చి కూర్చుంది. "జరుగు," అని పిండి ముద్ద తీసుకుంది. మొదట చేయి తడబడింది. తర్వాత వేళ్లకు పని గుర్తొచ్చింది. ఆమె తట్టిన రొట్టె జితేందర్ చేసినదాని కన్నా గుండ్రంగా, పలచగా వచ్చింది. శృతి ఆ రొట్టె తనకే కావాలన్నది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో వారానికి నాలుగు సాయంత్రాలు జొన్నరొట్టె కట్టమ్మదే. జితేందర్ సెలవుకు వస్తే ఆ రోజు మాత్రం పీట అతనికి వదిలేసి, పక్కన కూర్చుని ఆకుకూర తుంచుతుంది.