సీసాలో నీళ్ళు వాలిన వైపు

వాన మొదలైన అరగంటలోపు నాలుగు సీసాలు నిండాలి. అది మునిసిపాలిటీ రూలు. అరగంట దాటితే మురికంతా కొట్టుకుపోతుంది, తప్పు చేసినవాడు దొరలా బయటపడతాడు. అందుకే మబ్బు పట్టిందంటే ఆమె తింటున్న కంచం ముందునుంచైనా లేచి సైకిలెక్కేది. వాననీళ్ళ కాలువలు ఊరి పెద్ద కాలువలో పడే నాలుగు చోట్లా నాలుగు సీసాలు ముంచేది. ఊళ్ళో అందరూ ఆమెని సీసాలమ్మాయి అనేవాళ్ళు.

ఆ తర్వాత పని తేలిక. సీసాలు ఆఫీసులో బల్లమీద పెట్టి నీళ్ళు కుదుటపడేదాకా ఆగాలి. మంచి నీళ్ళు సమంగా నిలుస్తాయి. పాడైన నీళ్ళు తమని పాడుచేసిన చోటు వైపు వాలతాయి, ఆ పక్క అంచు కాస్త ఎత్తుగా. రెండు సీసాలు వాలిన వైపులకి ఊరి పటం మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసిన చోట ఎవరిదో గుమ్మం ఉంటుంది. సీసా వెడల్పు పది సెంటీమీటర్లు. ఈ అంచుకీ ఆ అంచుకీ తేడా నాలుగు మిల్లీమీటర్లు దాటితే ఆ గుమ్మానికి సీలు. దానిమీద ఎవరూ వాదించేవాళ్ళు కాదు. నీళ్ళకి బంధుత్వాలు ఉండవు కదా.

ఆ ఏడాది తొలి వానకి రెండు సీసాలు వాలాయి. తేడా ఐదు. గీతలు వెళ్ళి ఆమె అన్నయ్య షెడ్డు దగ్గర కలిశాయి. స్కేలు జారిందేమోనని చెరిపి మళ్ళీ గీసింది. మళ్ళీ అక్కడే.

అన్నయ్య షెడ్డులో తలుపు పిడులకీ కుళాయిలకీ మెరుగు పూత వేస్తారు. తండ్రి పోయినప్పుడు ఆమెకి పదేళ్ళు. అన్నయ్య బడి మానేసి ఆసిడ్ తొట్టిలో చేతులు పెట్టాడు, ఆమె లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంది. అతని గోళ్ళు ఇప్పటికీ పసుపు పచ్చగానే ఉంటాయి. వాడేసిన నీళ్ళు గుంటలో నిలవచేసి ట్యాంకరుకి ఎత్తించాలి.

"అన్నయ్యా, గుంటలో నీళ్ళెక్కడికి పోతున్నాయి?"

"ట్యాంకరు వాడు రేపు, ఎల్లుండి అని తిప్పుతున్నాడమ్మా. వాన పడుతోంది కదాని వదిలేశాను. అంత వానలో ఇదెంత, సముద్రంలో కాకిరెట్ట."

"ఐదు చూపించింది."

అతను షెడ్డు పంపు నుంచి గ్లాసుడు నీళ్ళు పట్టి గుంట మూత మీద పెట్టాడు. "నువ్వే చూడు. ఇసుమంతైనా వాలుందా?"

లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"ఈ ఒక్క వానకి చూసీచూడనట్టు పోవే," అన్నాడు. "నాకోసం కాదు. పదకొండుమంది పొట్టలు."

ఆమె లెక్క వేసింది. బల్ల వెడల్పు అరవై సెంటీమీటర్లు, సీసా పది. సీసాలో ఒక మిల్లీమీటరు తగ్గాలంటే బల్లని షెడ్డు వైపు ఆరు మిల్లీమీటర్లు లేపాలి. ఆ వైపు కాళ్ళకింద ఆరేసి మిల్లీమీటర్ల చెక్కముక్కలు ఒక్కొక్కటి పెట్టింది. కాగితం మీద నాలుగు వేసింది. నాలుగు దాటితేనే కదా సీలు.

రెండో వానకి ఆరు వచ్చింది. చెక్కలు రెండేసి అయ్యాయి. మూడో వానకి ఏడు, మూడేసి. కాగితం మీద మాత్రం ఎప్పుడూ నాలుగే. సూపరింటెండెంటు గారి పెన్సిలు ఆ బల్లమీద నిలవడం మానేసింది.

"ఏమ్మా, ఈ బల్ల నామీద కక్షకట్టిందా?" అన్నారాయన మూడోసారి వంగి తీసుకుంటూ.

"నేల వంకరండీ."

"కట్టింది మన కాంట్రాక్టరేగా. తిన్నగా ఉంటేనే అనుమానించాలి."

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా.

ఆమె, తల్లి ఉండేది పల్లపు వీధిలో. వానొస్తే వెనక పెద్ద కాలువ పొంగి గడపల దాకా వస్తుంది. తగ్గాక చేతిపంపు నీళ్ళు తుప్పు వాసన వేస్తాయి. ఆ వర్షాకాలం వీధిలో మనుషులు వాలడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళు తాగినవాళ్ళు నీళ్ళలాగే వాలారు, అంతే. టైలరు చొక్కాలు ఒక పక్క పొడుగు కుట్టేవాడు. బస్సుస్టాపులో అందరూ ఒకేవైపు ఒరిగి నిలబడుంటే, "దిగండి, పల్లపు వీధి వచ్చింది," అని కండక్టరు బోర్డు చూడకుండా అరిచేవాడు. కొన్నాళ్ళకి వాలినవాళ్ళకి అన్నం ఇమడడం మానేసింది. వీధిలో కుళాయిలు బాగుచేసే మేస్త్రీ భార్యకి రెండుసార్లు కడుపు నిలవలేదు.

వీధివాళ్ళు ఆఫీసుకొచ్చి అడిగారు. సూపరింటెండెంటు గారు కాగితం చూపించారు. "నాలుగు. అంటే రూలు ప్రకారం వాలు లేనట్టే." వాళ్ళు ఆ కాగితాన్నీ, కింద ఉన్న ఆమె సంతకాన్నీ చూసి ఒరిగే వెళ్ళిపోయారు. మన వీధి పిల్ల అబద్ధం రాస్తుందా?

ఆమె పగలంతా తాగేది ఆఫీసు నీళ్ళు. తల్లి తాగేది పంపు నీళ్ళు.

ఒకరోజు పొద్దున తల్లి గుమ్మానికి మడమలు ఆనించి నిలబడింది. తలకీ గుమ్మానికీ మధ్య సందు కనిపించింది. ఆమె స్కేలు తెచ్చి కొలిచింది. పదిన్నర సెంటీమీటర్లు. తల్లి ఎత్తు నూట యాభై. భాగించకుండా ఉందామనుకుంది గాని, లెక్క దానంతటదే తేలిపోయింది. నూటికి ఏడు. మూడో వానకి సీసా చూపించిన ఏడు, ఏ కాగితం మీదా లేని ఏడు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"నొప్పి కాదే. ఎవరో కొంగు పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు మీ అన్నయ్య లాగేవాడే, అలా."

ఆ మధ్యాహ్నమే ఆమె తల్లిని ఆటోలో షెడ్డుకి తీసుకెళ్ళింది. గేటు దగ్గర తల్లి చేతికర్ర వదిలేసింది. లోపలికి నడిచి, గుంట మూత మీదికి వచ్చి ఆగింది. నిటారుగా, స్తంభంలా నిలబడింది.

"చూశావా," అన్నాడు అన్నయ్య, ముఖమంతా నవ్వుతో. "కొడుకు దగ్గరికి రాగానే అమ్మ ఎలా..."

అక్కడే ఆగాడు. అతను కూడా ఆ ఊళ్ళోనే పుట్టాడు, పాడైన నీళ్ళు ఎటు వాలతాయో తెలియనివాడు కాదు. తల్లి ముఖం నుంచి ఆమె పాదాల దాకా, పాదాల కింద మూత దాకా చూశాడు. పనివాళ్ళు మోటారు ఆపేశారు.

"అన్నయ్యా, బల్ల కింద చెక్కలు తీసేస్తున్నాను."

"ఎన్ని?"

"ఒక్కో కాలికీ మూడు."

అతను గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. "అమ్మకి కుర్చీ తెండ్రా," అన్నాడు పనివాళ్ళతో.

తర్వాతి వానకి ఆమె ఏడు వేసింది. పాత మూడు కాగితాల మీదా అసలు అంకెలు వేసి సంతకం పెట్టింది. షెడ్డుకి సీలు పడింది. ఆమె ఉద్యోగం పోయింది. పదకొండుమంది తలో దారి పట్టారు. అన్నయ్యని విచారణకి తీసుకెళ్ళిన రోజు, వీధి మలుపు తిరగ్గానే అతను పక్కకి పడబోతే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ వాలింది అతనే. ఏళ్ళ తరబడి షెడ్డు వదిలి ఎటూ కదలకపోవడంతో ఎవరికీ తెలియలేదు, అతనికీ తెలియలేదు.

తల్లి మాత్రం అక్కణ్ణుంచి రానంది. భూమిలో ఇంకిన నీళ్ళని ఏ సీలూ ఆపలేదు. సీలు వేసేవాళ్ళు పెద్ద తలుపుకి వేసి, తల్లి కోసం పక్క తలుపు వదిలేశారు. సంగతి పల్లపు వీధికి పాకింది. సాయంత్రాలు ఒక్కొక్కరే వచ్చి, గుంట చుట్టూ కాసేపు నిటారుగా నిలబడి వెళ్ళేవాళ్ళు. విచారణ లేని రోజుల్లో అన్నయ్యే తలుపు తీసేవాడు. ఎవరి ముఖంలోకీ చూసేవాడు కాదు.

ఒక సాయంత్రం కుళాయిలు బాగుచేసే మేస్త్రీ భార్య, దాహమేసి, షెడ్డు పంపు కింద గ్లాసు పట్టింది. అలవాటుగా కళ్ళ ఎత్తుకి లేపి చూసింది.

"ఎన్నాళ్ళకి చూశాను ఇలాంటి నీళ్ళు," అంది. "సమంగా ఉన్నాయి."

అన్నయ్య వచ్చి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

"ఇక్కడ ఏ నీళ్ళైనా సమంగానే ఉంటాయమ్మా. తాగకండి."