కూర్చోవడం నేర్చుకున్న కాశప్ప

ఎమ్మిగనూరులో కాశప్ప ముప్పై ఏళ్లుగా గుంట మగ్గం నేస్తున్నాడు. చివరి ఎనిమిదేళ్లూ నడుము నొప్పితోనే నేశాడు. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి మాత్రలు పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు మింగేవాడు. అతని అన్న శేషన్నదీ అదే పని, అవే మాత్రలు. పోయిన వేసవిలో కిడ్నీలు చెడి శేషన్న చనిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు వదిన సరస్వతమ్మ వచ్చి, కాశప్ప గూట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఏరి కొంగులో కట్టుకుంది.

"అవి లేకుంటే నేను లేయలేను వదినా."

"లేయద్దు. పండుకో. ఇంకొకర్ని అట్ల సూడలేను నేను."

ఆమే అతన్ని బస్సెక్కించి ఆదోనికి తీసుకుపోయింది. డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఆ మాత్రల వల్లే కిడ్నీలు అప్పటికే సగం దెబ్బతిన్నాయన్నాడు. మాత్రలు మానేయమని చెప్పి, నడుముకు ఫిజియోథెరపిస్టు సుకన్య దగ్గరికి పంపాడు.

సుకన్య అతన్ని స్టూలు మీద కూర్చోమంది. లేవమంది. మళ్లీ కూర్చోమంది.

"అన్నా, కూర్చునే ముందే ఊపిరి బిగబడతాండావు. మెడ గూడా బిగిస్తాండావు. ఎందుకు?"

"నొప్పి వస్తాదని."

"ఇంకా రాలేదు గదా."

కాశప్పకు కోపమొచ్చింది. కూర్చోవడం నేర్చుకోవడానికా ఇంత దూరం వచ్చింది అనుకున్నాడు. అయినా వారానికి రెండుసార్లు వెళ్లాడు. నడుము కాకుండా తుంటి దగ్గర వంగడం, ఊపిరి వదులుతూ మగ్గం గుంటలోకి దిగడం, అరగంటకోసారి లేచి నడవడం నేర్చుకున్నాడు. మాత్రల్లేని మొదటి నెల గోడ పట్టుకుని ఏడ్చాడు. మూడో నెలలో ఒక పొద్దున నూలు సంచిని నేలమీది నుంచి తనే ఎత్తుకున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, దానికి భయపడటం తగ్గింది. పూటకు రెండు గంటలు నేయగలుగుతున్నాడు.

కిడ్నీలు మాత్రం బాగుపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు డయాలసిస్ తప్పదన్నాడు డాక్టరు.

ఆ మాట చెప్పడానికి వదిన ఇంటికి వెళ్లాడు. ఆమె నేలమీద కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. విని రాట్నం ఆపింది.

"నడుముకు ఇట్ల నేర్పేటోళ్లు ఉంటారని మీ అన్న ఉన్నప్పుడు మాకెవరూ సెప్పలేదు," అంది. లేవబోతూ నడుము పట్టుకుంది.

"నీకు గూడా నొప్పేనా వదినా?"

"పదేండ్లాయ."

"ఎప్పుడూ సెప్పలేదే."

"మీ అన్నదే సూడాల్సి వచ్చె. ఇంక నాది యాడ సెప్పేది?"

కాశప్ప ఎత్తుపీట తెచ్చి వేశాడు. "ఈడ కూకో. నేను సెప్తా, మెల్లగా."

ఆమె కూర్చోబోయి ఆగి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. అన్న పోయినప్పుడు కూడా ఆమె ఏడవడం కాశప్ప చూడలేదు. తేరుకునేదాకా పక్కనే నిలబడ్డాడు.