కట్టినవాడే కింద

సన్నతీగ పుటుక్కున తెగి, నలభై కుర్చీలు వేలాడుతున్న చెక్కచట్రం తాళ్ల మేస్త్రీ మీద పడింది. అతని చెల్లెలు పది అడుగుల దూరంలో తెరలు కుడుతోంది. మిషను చప్పుడులో ఆమెకు అన్న అరుపు కూడా వినపడలేదు. తలెత్తి చూసేసరికి అంతా అయిపోయింది.

కుర్చీలు, దీపాలు, తెరలు అందంగా తయారుచేసి అమ్మే పెద్ద కంపెనీ అది. ఖాళీ గోదామును పదిరోజులకు తీసుకుని, అందులో గాల్లో తేలే ఇల్లు కట్టించి, నగరంలోని పెద్దమనుషుల్ని పిలిచి ముచ్చట్లు పెట్టించాలని దాని సరదా. నేలమీద వేస్తే కుర్చీ, పైన వేలాడదీస్తే కళ అయిపోతుందట! తాడు కనిపిస్తే ఆ కళ చెడుతుందని మేనేజరు లావుతాళ్లు తీయించి సన్నతీగ ఇచ్చాడు. ఆ బరువుకు అది ఆగదని మేస్త్రీ మూడుసార్లు చెప్పాడు. విన్నవాడు లేడు.

బరువులు పైకెత్తి కట్టే తాళ్లవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. బరువు పైకి లేవగానే, కట్టినవాడే ముందు దాని కింద నిలబడాలి. ఆ తర్వాతే ఇంకొకరు అటు అడుగుపెట్టాలి. తాతల నాటి పౌరుషం అది. తీగ మీద నమ్మకం లేకపోయినా మేస్త్రీ వెళ్లి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. అతన్ని కింద నిలబడమని ఎవరూ చెప్పలేదని, తన నిర్లక్ష్యం వల్లే పోయాడని రాసివుంది. చెల్లెలు సంతకం పెడితే శవాన్ని తొందరగా ఇప్పిస్తామని, మిగతావాళ్లు అదే తీగతో రెండో చట్రం ఎత్తితే సాయంత్రం అతిథులకు ఇబ్బంది ఉండదని మేనేజరు మెత్తగా చెప్పి వెళ్లాడు.

పనివాళ్లంతా గోదాము వెనక రేకుల కింద చేరారు. వడ్రంగి పెద్దాయన సంతకం పెట్టెయ్యమన్నాడు. రంగులవాడు ఆయన మీద విరుచుకుపడ్డాడు. పోయింది మా మనిషని తాళ్లవాళ్లు, మీరు మానేస్తే మా పనీ పోతుందని దీపాలవాళ్లు. ఎవరి గోల వాళ్లది. చివరికి చెల్లెలు లేచి నిలబడింది.

"పొద్దున మా అన్న ఈ తీగ తెచ్చి నాకు చూపించాడు. కట్టను, వెళ్లిపోతానన్నాడు. నేనే ఆపాను. ఊరుకో అన్నా, వాళ్లతో మనకెందుకు గొడవ, ఇచ్చింది కట్టెయ్ అన్నాను. ఆ మాట అనకపోతే బతికుండేవాడు."

వడ్రంగి పెద్దాయన తల దించుకుని, తనూ అదే చెప్పానన్నాడు. దీపాలవాళ్లూ ఒప్పుకున్నారు. తీగ చూసినవాళ్లంతా మేస్త్రీనే సర్దుకొమ్మన్నారు కానీ, కంపెనీని నిలదీసినవాడు ఒక్కడూ లేడు.

"అన్నొక్కడే వద్దన్నాడు. అందుకే పోయాడు," అంది చెల్లెలు. "ఇప్పుడు అందరం వద్దందాం."

సాయంత్రం కార్లు వచ్చేసరికి రెండో చట్రం నేలమీదే ఉంది. దాని చుట్టూ డెబ్బైమంది కూర్చున్నారు. మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు, చివరికి పోలీసుల్ని పిలిచాడు. చెల్లెలు అతిథులకు ఆ కాగితం చదివి వినిపించి, అది అబద్ధమని చెప్పి, ముక్కలు చేసింది. పోలీసులు ముందు ఆమెనే జీపెక్కించారు. వడ్రంగి పెద్దాయన ఎవరూ పిలవకుండానే వెనక ఎక్కి కూర్చున్నాడు. అన్నను తాళ్లవాళ్లే సాగనంపారు. పోలీసులు చివరిచూపుకు కూడా ఆమెను వదల్లేదు.

తొమ్మిదోరోజున రంగులవాడు జైలుకు వచ్చాడు. కంపెనీ నగరానికి అటుచివర ఇంకో గోదాము తీసుకుని, కొత్త తాళ్లవాళ్లను పిలిచిందట. అక్కడా అదే సన్నతీగ ఇస్తే, వాళ్లు దాన్ని మేనేజరు ముందు పడేసి, లోపలున్న పనివాళ్లందర్నీ వెంటబెట్టుకుని బయటికి నడిచారట.

"వాళ్లెవరో మనకు తెలీదమ్మా. మీ అన్న సంగతి మాత్రం వాళ్లకు తెలుసు."

చెల్లెలి మొహం వెలిగింది. ఈ కబురు గబగబా వెళ్లి అన్నకు చెప్పాలనిపించింది. మరుక్షణం ఊచలు పట్టుకుని, ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఏడ్చింది.