నిషేధానికి ముందొచ్చిన ఆకు

క్యూబా పొగాకు అమెరికాలో దిగకూడదని నిషేధం పెట్టినప్పుడు మా ఆయన లిసార్దో బెంగపడలేదు. అంతకుముందే ఓడలో తెప్పించిన బేళ్ళు మయామిలో మా కొట్టు వెనకగది నిండా ఉన్నాయి. నిషేధానికి ముందు దిగిన సరుకు అమ్ముకోవచ్చట, చట్టం అలా ఉంది. కస్టమ్స్ ఆయనే వచ్చి, బేళ్ళు తట్టి చూసి, నా కాఫీ తాగి, నిక్షేపంగా అమ్ముకోమని చెప్పి వెళ్ళాడు. ఆ ఆకు మళ్ళీ దొరకదు కదా, అందుకని మా ఆయన పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ మాత్రమే దాంతో చుట్టలు చుట్టేవాడు. ఏళ్ళు గడిచినా ఇంకా కాస్త మిగిలే ఉంది.

ఆయన మొండితనం ఒక్కటే. ఆ చుట్టలకు హవానా పేరున్న పాత ఎర్ర పట్టీలే తొడిగేవాడు.

"అవి పీకెయ్యవయ్యా, ఊళ్ళో బాంబులు పేలుతున్నాయి" అంటే, "పుట్టిన దేశం చెప్పొద్దంటావా? తండ్రి ఉండగా అనాథని చెయ్యమంటావా?" అనేవాడు.

బాంబులంటే మాటవరసకు కాదు. క్యూబాను ఏలుతున్న గడ్డపాయన సరుకు అమ్ముతున్నారని అనుమానం వస్తే చాలు, అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన మావాళ్ళే మావాళ్ళ కొట్లు పేల్చేవారు. మా చెల్లెలు ఒతీలియా మొగుడు రెమిహియో ఆ గుంపులోవాడే. క్యూబాలోని పినార్‌లో వాళ్ళ పొగాకు పొలాన్ని ఆ గడ్డపాయన మనుషులు లాక్కుని, అడ్డొచ్చిన తండ్రిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అప్పటినుంచి వాడికి నిద్రలేదు, పక్కవాళ్ళను నిద్రపోనివ్వడు.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చి కొట్టు తీయగానే మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"వదినా, కాఫీ ఉందా?" అంటూ లోపలినుంచి గడియ పెట్టాడు.

"గడియేసుకుని తాగే కాఫీ ఏంట్రా?"

వాడు బల్లమీది చుట్ట తీసి పట్టీ చదివాడు. "ఏంటన్నా ఇది? మా నాన్న నెత్తురు చుట్టి అమ్ముతున్నావా?"

"పాతాకురా. నిషేధానికి ముందుది. చట్టం ప్రకారమే..."

"ఆ చట్టం అమెరికావాళ్ళది. ఈ వీధికి చట్టం మేమే!"

ఆ ఇద్దరూ మా ఆయన కుడిచేతిని చెక్కమీద అదిమిపట్టారు. ఆకు కోసే వంకీ కత్తి రెమిహియో అందుకున్నాడు.

"హోండురాస్ ఆకని చెప్పు. పట్టీలు నువ్వే తగలబెట్టు. తోడల్లుడివి, వదిలేస్తా."

"చెప్పవయ్యా!" అని అరిచాను. వేళ్ళు పోతే చుట్టలు చుట్టేవాడికి ఏం మిగులుతుంది?

లిసార్దో నావైపు కూడా చూడలేదు. "పినార్ ఆకు" అన్నాడు. "మీ ఊరిదే. వాసన చూడరా, దద్దమ్మా."

కత్తి దిగింది. రెండు వేళ్ళు ఆకుల మధ్య పడ్డాయి. చుట్టలు బిగించే కొయ్య అచ్చుతో నేను ఒకడి తల పగలగొట్టాను. రెండోవాడు నా డొక్కలో తన్నాడు, ఊపిరాడలేదు. ఈలోగా రెమిహియో వెంట తెచ్చిన పెట్రోలు వెనకగదిలో పోసి అంటించాడు.

మా ఆయన చేతికి, చర్చికి కప్పుకెళ్ళిన నా తలగుడ్డ చుట్టి వీధిలోకి ఈడ్చుకొచ్చాను. పొగ మా వెనకే వచ్చింది. అబ్బ, ఏం పొగ! ఎదురుగా కాఫీ కొట్లో మా దేశపు ముసలాళ్ళు లేచి నిలబడి టోపీలు తీశారు. ఒకాయన కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

పారిపోవలసిన రెమిహియో కాలిబాట మీదే నిలబడిపోయాడు.

"వదినా... మా ఆకు కొట్టం వాసన" అన్నాడు. "మా నాన్న చొక్కా వాసన."

అచ్చు ఇంకా నా చేతిలోనే ఉంది. వాడి మూతిమీద కొట్టాను. పళ్ళు రాలాయి. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మళ్ళీ కొట్టాను. మోకాళ్ళమీద పడ్డాక కూడా కొట్టాను, పోలీసులు లాగేదాకా.

కాలుతున్నది దొంగసరుకా అని వాళ్ళలో ఒకడు అడిగాడు. మా ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది, చేతి గుడ్డలోంచి నెత్తురు కారుతోంది. వేళ్ళు ఎవరు నరికారో చెప్పమంటే చెప్పలేదు.

"పాతాకు దొరా" అన్నాడు. "నిషేధానికి ముందుది. ముందు అది రాసుకోండి."