తొమ్మిదో బిందె

కొమురెల్లి శవాన్ని మోకాటి లోతు నీళ్లలోంచి మంచం మీద మోసుకొస్తున్నప్పుడు, ఎగువనున్న గేటెడ్ వెంచర్‌లో ఒక్క చుక్క నిలిచి లేదు. ఆ మూడెకరాల మీద కురిసిన వానంతా గోడ కింది తూముల గుండా నాచారం బస్తీ మీదికి దిగింది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకున్న మనిషి, మంచం దిగుతూ నీళ్లలో తెగిపడ్డ కరెంటు తీగను చూడలేదు.

అతని భార్య సాలమ్మ ఏడవలేదు. ఆ వెంచర్‌లోని ఆరు ఇంకుడు గుంతలకూ కంకర పోసింది ఆమె చేతులే. స్థలంలో పడిన వాన స్థలంలోనే ఇంకాలని నిబంధన. మేనేజర్ కళ్యాణ్ మాత్రం నేలలోకి తవ్వించకుండా, కింది సెల్లార్ స్లాబు మీదనే గుంతల సిమెంటు రింగులు పెట్టించాడు. లోతు మోకాలి దాకా, అడుగున సిమెంటు. "కనబడితే సాలు" అన్నాడు. ఆనాడు ఆమె కూలి తీసుకుని ఇంటికొచ్చింది.

మూడో రోజు సాయంత్రం బస్తీ అంతా ఆమె వాకిట్లో కూడింది.

"గేటు పలగ్గొడదాం!" అన్నారు మగవాళ్లు.

"పలగ్గొడితే కొత్తది పెడ్తడు," అంది సాలమ్మ. "రేపు పొద్దుగాల మున్సిపల్ ఆఫీసరు గుంతలు సక్కగున్నయని సంతకం పెట్టనీకి వస్తుండు. గది పడ్డదంటే ఏటేటా మనకు గిదే సావు. వాని గుంతతోనే వాన్ని ముంచాలె."

"నువ్వు కట్టిన గుంతనే గదా?" ఎవరో ఎత్తిపొడిచారు.

"అవు, నేనే కట్టిన. గందుకే దాని లోతు నాకెరుక."

తెల్లవారి నలభై మంది ఆడవాళ్లు గల్లీలో నిలిచిన మురుగునీటిని బిందెలకెత్తుకుని వెంచర్‌లోకి నడిచారు. కాపలాదారు ఆ బస్తీవాడే. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మొదటి గుంత పక్కన ఆఫీసరు ఫైలు మీద కలం ఆనించి ఉన్నాడు.

"ఏందే గిది? బోనాలా?" అన్నాడు కళ్యాణ్.

"అవు సారు, నీ గుంతకే ఎత్తినం," అంది సాలమ్మ తోటి కూలి శాంతాబాయి.

"సారూ, గీ గుంత ఎన్ని నీళ్లు తాగుతదో సూసి సంతకం పెట్టున్రి," అంది సాలమ్మ, మొదటి బిందె వంపుతూ.

ఎనిమిది బిందెలు కంకరలోకి దిగాయి. తొమ్మిదోది వెనక్కి ఉబికింది. నల్లటి నీళ్లు ఆఫీసరు బూట్లను తడిపి, కళ్యాణ్ కాళ్ల మధ్యనుంచి తూము వైపు పారాయి. కొమురెల్లి మంచం దాకా వచ్చినవీ ఆ దారినే. సాలమ్మ వెంట తెచ్చిన గడ్డపార ఎత్తి కంకరలోకి దింపింది. సిమెంటు ఖంగుమంది.

ఆఫీసరు కలానికి మూత పెట్టాడు. కళ్యాణ్ పోలీసులను పిలిపించాడు.

"గిట్ల జేస్తే నీ మొగడు తిరిగొస్తడా?" అన్నాడు కానిస్టేబుల్, ఆమెను వ్యానెక్కిస్తూ.

"రాడు. నా మొగన్ని సంపిన నీళ్లు వాని కాళ్ల కిందికి జేరినయ్. ఇంక ఆడికెల్లి కదలనియ్యం."

వ్యాను కదిలింది. శాంతాబాయి గొంతెత్తింది: "అక్కా! నారపల్లిల నాలుగు వెంచర్ల గుంతలు నేనే కట్టిన! అవీ గింతే లోతు!"

"ఉప్పల్‌ల మూడు నావి!" అంది వెనుకనుంచి మరో గొంతు.

గల్లీలో నీళ్లింకా నిలిచే ఉన్నాయి. ఆడవాళ్లు బిందెలు మళ్లీ ముంచారు.